చేమంతిని వేసవి దాటించుట

చేమంతి పూవు నెరుగని తెలుగు ఇల్లు లేదు. కార్తిక మాసము మొదలు సంక్రాంతి వరకు దేవుని పటమునకు, ఆడువారి జడకు, ద్వారబంధమునకు, పెండ్లి పందిటికి అదియే అలంకారము. సంతలో పూలవారు మూర వేసి అమ్ముదురు. మనము బేరమాడి కొందుము. ఒకటి రెండు నాళ్ళకు అవి వాడిపోవును. ఇంతవరకు అందరికి తెలిసినదే. కాని ఆ పూవు పూచిన మొక్కను గూర్చి మన యిండ్లలో ఒక పొరపాటు అభిప్రాయము పాతుకొని యున్నది. చేమంతి ఒక్క కాలపు మొక్క అనియు, పూత ముగిసిన వెంటనే దాని ఆయువు తీరిననియు చాలమంది తలంతురు. మార్గశిరములో పూలతో నిండిన కుండీని వెల యిచ్చి తెత్తురు. మాఘము నాటికి పూలు ఎండును, కాడలు గోధుమరంగు తిరుగును. అంతట కుండీ పెరటి మూలకు చేరును. ఉగాదికి మట్టి బీటలు వారును. మరుసటి యేడు మరల మరొక కుండీ.

నిజమునకు చేమంతి బహువార్షికము. బంతి మొక్క విత్తు కట్టి చచ్చును. దానికి మరణమే ముగింపు. చేమంతికి అట్లు కాదు. పూచిన కాడ మాత్రమే ఎండును; మొదలు బ్రతికి యుండును. ఆ మొదటి చుట్టును మట్టిలోనుండి లేత పిలకలు పైకి వచ్చును. మరుసటి యేటి పూవు ఆ పిలకలలో నున్నది. కనుక చేమంతిని పెంచుటలోని అసలు నేర్పు పూలు పూయించుట కాదు. ఫాల్గుణము మొదలు జ్యేష్ఠము వరకు ఆ మొదలును చావకుండ కాపాడుట. ముఖ్యముగ ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల వంటి ఎండలు మెండైన సీమలో ఈ మాట మరింత నిజము. ఈ ప్రసంగములో హాలహర్వి పరిసరములను మనస్సునందుంచుకొని, ఇంటి ముంగిట చేమంతిని ఏటేటా నిలుపుకొను విధానమును వివరింతును.

మొదట ఈ మొక్కను కొంచెము పరిచయము చేసికొందము. పొలము గట్లపై, బాటల ప్రక్కన నేలబారుగ పెరుగు గడ్డి చేమంతిని అందరును చూచియే యుందురు. దాని పూవు నొకదానిని త్రుంచి విప్పి చూడుడు. మనము ఒక పూవు అనుకొన్నది నిజముగ ఒక పూవు కాదు, పూల గుంపు. చుట్టును రేకులవలె కనబడునవి ఒక్కొక్కటియు ఒక్కొక్క పూవు. నడుమ పసుపుపచ్చని బొడ్డులో నున్నవి మరికొన్ని చిన్న గొట్టపు పూలు. ఈ రేగడి పొలములలో పండు ప్రొద్దుతిరుగుడు, పెరటిలోని బంతి, తోటలోని చేమంతి, అన్నియు ఈ కుటుంబమునకు చెందినవే. తోట చేమంతిలో మనుష్యుడు తరతరములుగ ఏరి ఏరి పెంచుటచే రేకు పూలు పెరిగి, బొడ్డు తగ్గి, కొన్ని రకములలో పూర్తిగ మరుగుపడినది. అందుచేత దానికి ముద్దయైన రూపము వచ్చినది.

దీని తొలి యిల్లు చైనా దేశము. అక్కడినుండి జపానునకు పోయి, అచ్చటి చక్రవర్తి వంశమునకు పదునారు రేకుల చేమంతి ముద్రయైనది. 1753లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు ఈ జాతికి క్రిసాంథిమం అను పేరు పెట్టెను. గ్రీకు భాషలో దానికి బంగారు పూవు అని యర్థము. మనవారు చేమంతి, చామంతి అందురు. కన్నడమున సేవంతిగె. హాలహర్వి చుట్టుపట్ల ఈ రెండు పేరులును వినవచ్చును. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర మేర్పడినప్పుడు ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్ళారి జిల్లానుండి విడివడి కర్నూలు జిల్లాలో చేరినవి. సరిహద్దులు మారినను పూవు పేరు రెండు భాషలలోను నిలిచియే యున్నది.

ఐరోపా ఖండమునకు చేమంతి చేరిన కథ మన ప్రస్తుత విషయమునకు చక్కని నిదర్శనము. 1789లో బ్లాంకారు అను ఫ్రెంచి వర్తకుడు చైనానుండి మూడు రకముల చేమంతులను మార్సేయి రేవునకు తెచ్చెను. వానిలో రెండు చచ్చెను. ఊదా రంగు పూల మొక్క ఒక్కటియే బ్రతికెను. ఆ ఒక్క మొక్క పిలకలును, కొమ్మలును తోటనుండి తోటకు పోయి వ్యాపించినవి. చేమంతి విషయమున ఒక్క మొక్క మిగిలినను చాలునని దీనివలన తెలియుచున్నది. విత్తనము వేసినచో తల్లి పోలిక వచ్చునను నమ్మకము లేదు. రంగు మారును, రూపు మారును. పిలకనో కొమ్మనో నాటినచో అచ్చముగ ఆ తల్లియే వచ్చును. పొరుగింటివారు ఇచ్చిన పిలక పొరుగింటి మొక్క బిడ్డ కాదు, ఆ మొక్కయే. ఇరువది ఏండ్ల క్రింద పుట్టింటినుండి తెచ్చిన పిలకను ఏటేటా వేరుచేసి నాటుకొనుచు వచ్చిన ఇంటిలో నేడు పూచుచున్నది ఆ నాటి చేమంతియే. నడుమ ఒక్క వేసవిలో అజాగ్రత్త కలిగినచో ఆ వరుస తెగును. సంతలో మరొక చేమంతి దొరకవచ్చును గాని, ఆ చేమంతి దొరకదు.

ఇక ఈ సీమ సంగతి. హాలహర్వి నేల ప్రధానముగ నల్లరేగడి. ప్రత్తికి, ప్రొద్దుతిరుగుడునకు, మిరపకు, శనగకు ఇది తల్లివంటిది. చేమంతికి మాత్రము ఇందులో మూడు చిక్కులు కలవు. మొదటిది, వాన కురిసినచో రేగడి నీటిని పట్టుకొని వదలదు. చేమంతి వేరు పైపైన ప్రాకునది. దానికి తడి కావలెను గాని నిలువ నీరు పనికిరాదు. రెండు దినములు నీరు నిలిచినచో వేరు నల్లబడి కుళ్ళును. రెండవది, ఎండ ముదిరినచో రేగడి బీటలు వారును. ఆ బీటలతో పాటు సన్నని వేళ్ళును తెగును. మూడవది, ఈ నేలలో సున్నపు గుళ్ళు మెండు. సున్నము మించిన మట్టిలో ఇనుము ఉన్నను మొక్కకు అందదు. అప్పుడు లేత ఆకులు పసుపు వారి, ఈనెలు మాత్రము పచ్చగ నిలుచును. వేరుశనగ పండించు రైతులు తమ చేలలో ఈ పసుపును చూచియే యుందురు.

నీటి విషయము కూడ గమనింపదగినది. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వర్షపాతము ఏడాదికి సుమారు 670 మిల్లీమీటర్లు. పడమటి తాలూకాలలో అంతకంటె తక్కువ. తుంగభద్ర దిగువ కాలువ ఈ సీమ మీదుగ ఆదోని, ఎమ్మిగనూరు వైపునకు సాగును. కాని కాలువలో నీరు ఏడాది పొడుగున ఉండదు. బోరు నీరు చాల చోట్ల ఉప్పదనము గలది. అట్టి నీటినే ఎల్లప్పుడు పోసినచో కుండీ అంచున, మట్టి పైన తెల్లని పూత ఏర్పడును. ఆకుల చివరలు మాడును. దీనికి ఉపాయ మేమనగా, వాన నీరు పట్టినప్పుడో, కాలువ నీరు దొరకినప్పుడో, నెలకొకసారి కుండీ నిండుగ రెండు మూడు మార్లు పోసి, అడుగు రంధ్రమునుండి ధారగ పోవునట్లు చేయవలెను. పేరిన ఉప్పు కొంత కొట్టుకొని పోవును.

ఈ కారణములచే ఈ ప్రాంతమున చేమంతిని కుండీలో గాని, ఎత్తైన మడిలో గాని పెంచుట మేలు. మడి యైనచో నేలకంటె తొమ్మిది అంగుళములు ఎత్తు చేయవలెను. మట్టి కలుపు పద్ధతి ఇది: ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగుగ చివికిన పశువుల ఎరువు ఒక పాలు. గూళ్యం చెంత పారు వేదవతి, అనగా హగరి యేటి ఇసుక వంటి ముతక ఇసుక ఇందుకు శ్రేష్ఠము; సన్నని దుమ్ము ఇసుక పనికిరాదు. ఎర్రమట్టి దొరకనివారు రేగడినే వాడవలసి వచ్చినచో, దానిని ఒక పాలునకు తగ్గించి ఇసుకను, ఎరువును హెచ్చింపవలెను. పిడికెడు వేపపిండి కలిపినచో వేరుపురుగు బాధ కొంత తగ్గును. కుండీ అడుగు రంధ్రమును మూయకుండ పెంకు ముక్కను బోర్లించి, దానిపై చేరెడు గులకరాళ్ళు పోసి, తరువాత మట్టి నింపవలెను.

పొయ్యిలోని బూడిద మంచి ఎరువని మొక్కలకు వేయు అలవాటు చాల యిండ్లలో కలదు. ఎర్ర నేలలో అది కొంత మేలు చేయవచ్చును. సున్నము మించిన ఈ సీమలో మాత్రము చేమంతికి బూడిద వేయరాదు. అది ఆ సున్నపు గుణమునే పెంచును. ఆకులు మరింత పసుపు వారును. పసుపు కనబడినప్పుడు లీటరు నీటిలో ఐదు గ్రాముల అన్నభేదియు, ఒక గ్రాము నిమ్మ ఉప్పును కరగించి, చల్లని వేళ ఆకులు తడియునట్లు చల్లవలెను. వారమునకొకసారి రెండు మూడు మార్లు చల్లినచో క్రొత్త ఆకులు పచ్చగ వచ్చును.

ఇప్పుడు పూలు ముగిసిన నాటినుండి మొదలుపెట్టి ఏడాది పనిని వరుసగ చెప్పెదను. చేమంతికి సంవత్సరాది పూతకు ముందు కాదు, పూత తరువాతనే.

ఫిబ్రవరి నెలలో కడపటి పూలు వాడిన వెంటనే కాడలను నేలకు నాలుగు నుండి ఆరు అంగుళముల ఎత్తున కోసివేయవలెను. ఎండిన కాడపై జాలిపడి వదలినచో మొక్క తన బలమును దానిపై వ్యర్థపరచును. కోసిన తరువాత పై మట్టిని వ్రేలి లోతున గుల్లచేసి, చేరెడు ఎరువు వేసి నీరు పోసినచో, రెండు మూడు వారములలో మొదటి చుట్టును పిలకలు కనబడును. అవి కనబడిన నాడు మీ మొక్క బ్రతికి యున్నట్లు.

మార్చి నడుమనుండి ఎండ ఉగ్రరూపము దాల్చును. నీడపట్టున కూడ వేడిమి నలువది డిగ్రీలు దాటు దినములు ఈ సీమలో అరుదు కాదు. ఈ మూడు నెలలు చేమంతికి పరీక్షాకాలము. కుండీని ఇంటి ఉత్తరపు గోడ ప్రక్కకో, వేపచెట్టు నీడకో చేర్చవలెను. ఉదయపు లేత ఎండ ఒకటి రెండు గంటలు తగిలినచో చాలును. పడమటి ఎండ ఎంతమాత్రము తగులరాదు. కుండీని బండపైన గాని, సిమెంటు మిద్దెపైన గాని పెట్టరాదు. బండ కాగినచో వేరు ఉడుకును. కుండీని సగమువరకు నేలలో పాతి, చుట్టును ఇసుక పోసి దానిని తడుపుచుండుట అన్నిటికంటె మేలైన పద్ధతి. మట్టిపైన వేరుశనగ పొట్టు గాని, ఎండుటాకులు గాని రెండు అంగుళముల మందమున పరచినచో తేమ నిలుచును. పొట్టు కాడను తాకకుండ కొంచెము ఎడముగ నుంచవలెను.

వేసవిలో చేమంతులు చచ్చుటకు దప్పి ఒక కారణము. అతి నీరు మరొక కారణము. మధ్యాహ్నము ఆకులు వాలినచో గాభరాపడి చెంబెడు నీరు పోయుదురు. మండుటెండలో ఆకు వాలుట ఎల్లప్పుడును దప్పికి గుర్తు కాదు. సాయంకాలమునకు తిరిగి నిలుచున్నచో ఆ మొక్కకు నీటి కొరత లేదన్నమాట. మట్టిలో వ్రేలు ఒక అంగుళము దింపి చూడవలెను. లోపల ఆరి యున్నచో తెల్లవారుజామున పోయవలెను, తడి యున్నచో పోయరాదు. ఈ కాలమున ఎరువు కూడ వేయరాదు. నిద్రించువానికి విందు పెట్టుట వంటిది అది. మొక్క పెరుగకున్నను పరవాలేదు. పచ్చగ నిలిచి యున్నచో చాలును.

మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి పడిన తరువాత విభజన పని. కుండీనుండి గడ్డను మట్టితో సహా పైకి తీసి, వేళ్ళు గల పిలకలను ఒక్కొక్కటిగ వేరుచేయవలెను. నడుమనున్న ముదురు మొదలును పారవేయవచ్చును. అది తన పని ముగించినది. అంచున నున్న లేత పిలకలే శ్రేష్ఠములు. ఒక కుండీనుండి ఆరు మొదలు పది వరకు పిలకలు దొరకవచ్చును. వానిలో రెండు మూడింటిని ఇరుగుపొరుగువారికి ఇచ్చుట కేవలము మర్యాద కాదు, ముందుచూపు కూడ. మీ యింట మొక్క చచ్చినను వారి యింట మిగులును, అడిగి తెచ్చుకొనవచ్చును.

పిలకలు చాలనివారు కొమ్మలను నాటవచ్చును. పూమొగ్గ లేని లేత కొమ్మ కొనను మూడు అంగుళముల పొడవున, ఆకు కణుపు క్రిందుగ కోసి, అడుగు ఆకులు తీసివేసి, తడి ఇసుకలో అంగుళము లోతున గ్రుచ్చవలెను. నీడలో నుంచి, ఇసుక ఆరకుండ చూచినచో పదునైదు ఇరువది దినములలో వేరు పట్టును. మెల్లగ లాగి చూచినప్పుడు పట్టు తగిలినచో వేరు వచ్చినట్లు. పది గ్రుచ్చినచో పదియు బ్రతుకునని ఆశింపరాదు. కావలసినదానికంటె కొన్ని ఎక్కువగనే గ్రుచ్చుట మంచిది.

జూలై నడిమికి, పునర్వసు, పుష్యమి కార్తెలలో, ఈ మొక్కలను శాశ్వతమగు చోట నాటవలెను. పది అంగుళముల కుండీకి ఒక మొక్క; మడిలో నైనచో మొక్కకు మొక్కకు అడుగు దూరము. ఇప్పటినుండి వానికి ఎండ కావలెను. దినమునకు ఐదారు గంటలైనను సూర్యరశ్మి లేనిచో కాడ సన్నగ సాగి వ్రాలును. వేసవిలో నీడ, వానకారులో ఎండ, ఈ మార్పును మరువరాదు.

నాటిన నాలుగు వారములకు, మొక్క ఆరు అంగుళములు ఎదిగినప్పుడు, దాని కొన చిగురును గోటితో గిల్లివేయవలెను. ఎదుగుచున్న మొక్క తల త్రుంచుటకు కొత్తవారికి చేయి రాదు. కాని త్రుంచనిచో ఒక్క కాడ పొడవుగ పోయి చివర కొద్ది పూలు మాత్రమే పూయును. త్రుంచినచో ప్రక్కనుండి మూడు నాలుగు రెమ్మలు వచ్చును. మరి మూడు వారములకు ఆ రెమ్మల కొనలను కూడ గిల్లినచో మొక్క గుబురుగ నగును. సెప్టెంబరు నడుమ ఉత్తర కార్తె ప్రవేశించిన తరువాత గిల్లరాదు. ఆ తరువాత గిల్లినది చిగురు కాదు, పూమొగ్గ. దసరా నాటికే పూలు కావలెనని కోరువారు ముందుగ పూయు రకములను ఎన్నుకొని, ఒక్కమారు మాత్రమే గిల్లవలెను. దేవరగట్టు మాళ మల్లేశ్వరుని దసరా ఉత్సవమునకు జనము కదలు దినములలో పూల వెల ఎంతగ పెరుగునో ఈ ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు.

ఈ కాలమున పదునైదు దినములకొకసారి వేరుశనగ పిండి నీరు పోయవచ్చును. గుప్పెడు పిండిని నాలుగు లీటర్ల నీటిలో వారము దినములు నానబెట్టి, ఆ తేటను పది రెట్లు నీటితో పలుచన చేసి, తడి మట్టిపై పోయవలెను. మొగ్గలు కనబడి రంగు తేరునప్పుడు దీనిని నిలుపవలెను. ఆపకున్నచో ఆకు పెరిగి పూవు తగ్గును. పెద్ద పూవు కావలెనన్నచో ప్రతి రెమ్మకు నడి మొగ్గను ఉంచి, ప్రక్క మొగ్గలను జొన్నగింజంత యున్నప్పుడే తీసివేయవలెను. దండలకు వాడు చిట్టి చేమంతికి ఈ పని అక్కరలేదు.

ఇప్పుడు ఒక విచిత్రమును చెప్పవలసి యున్నది. కొందరి యింట చేమంతి ఏపుగ పెరుగును, చీడ లేదు, ఆకు నిగనిగలాడును, కాని పూయదు. ఎరువు మార్చుదురు, కుండీ మార్చుదురు, దృష్టి తగిలిన దందురు. ఇట్టి చోట్ల పలుమార్లు దోషము మట్టిలో నుండదు. వరండాలో తెల్లవారువరకు వెలుగు విద్యుద్దీపములో నుండును.

1920లో అమెరికా దేశపు వ్యవసాయ శాఖలో పనిచేసిన గార్నరు, అలార్డు అను ఇరువురు శాస్త్రజ్ఞులు పొగాకు, సోయా చిక్కుడు మొక్కలపై చేసిన పరిశోధనలను ప్రకటించిరి. మొక్క ఎప్పుడు పూయవలెనన్నది పగటి పొడవును బట్టి నిర్ణయమగునని వారు కనుగొనిరి. 1938లో హామ్నరు, బానరు అనువారు దీనిని మరికొంత ముందుకు కొనిపోయి, మొక్క గమనించునది పగటిని కాదు, రాత్రిని అని తేల్చిరి. వారు వాడిన మొక్క మన పొలముల వెంబడి ముండ్లకాయలతో బట్టలకు అంటుకొను మరులమాతంగి. అదియు చేమంతి కుటుంబములోనిదే. దీర్ఘమైన రాత్రి నడుమ కొంతసేపు వెలుగు చూపినచో ఆ మొక్క దానిని రెండు పొట్టి రాత్రులుగ భావించి పూయుట మానినది. చేమంతి స్వభావమును ఇట్టిదే. దాని ఆకులలో వెలుగును పసిగట్టు ఫైటోక్రోం అను పదార్థము కలదు. అది ఎడతెగని చీకటిని కొలిచి, రాత్రి చాలినంత పొడవైనదని తోచినప్పుడు మొగ్గకు అనుజ్ఞ ఇచ్చును.

హాలహర్వి వంటి చోట వేసవిలో పగలు సుమారు పదమూడు గంటలు, ధనుర్మాసమున పదునొకండు గంటలకు కొంచెము పైగ ఉండును. భేదము రెండు గంటలకు మించదు. ఎంత రాత్రి కావలెనన్నది రకమును బట్టి మారును. రాత్రులు చల్లబడుట కూడ మొగ్గకు తోడగును. ఇంత సన్నని లెక్కపై నడచు మొక్క ప్రక్కన మనము రాత్రంతయు దీపము వెలిగించినచో దాని లెక్క తప్పును. ఒకటి రెండు రాత్రుల దీపముచే నష్టము లేదు. వారముల తరబడి వెలిగినచో పూత ఆలస్యమగును, లేదా నిలిచిపోవును. వెన్నెల వలన బాధ లేదు. దీపము వెలుగులో కుండీ ప్రక్కన నిలిచి వార్తాపత్రిక చదువగలిగినచో ఆ వెలుగు చేమంతికి ఎక్కువయే అని గ్రహింపవలెను. రాత్రి వార్తలు వినుటకు రేడియో ప్రక్కన దీపము పెట్టుకొనుడు. చేమంతి కుండీని మాత్రము సెప్టెంబరునుండి మొగ్గలు విచ్చువరకు ఆ వెలుగు పడని వైపునకు మార్చుడు. వీధి దీపము క్రింద మడి వేయకుడు.

ఈ శాస్త్రమునే తలక్రిందుగ వాడి లాభము పొందువారును కలరు. కర్ణాటకములోని కోలారు, చిక్కబళ్ళాపురము ప్రాంతములలో కొందరు రైతులు చేమంతి తోటలపై దీపములు వ్రేలాడదీసి, రాత్రివేళ వెలిగించి, మొక్క ఎదుగువరకు పూత రాకుండ ఆపి, తరువాత దీపములార్పి తమకు కావలసిన కాలమునకు పూయింతురు. ఒక దీపమే ఒకరికి సాధనము, తెలియనివారికి ఆటంకము.

చీడల మాట. శీతకాలమున లేత చిగుళ్ళపై నల్లని పేనుబంక గుంపులుగ చేరును. తొలి దశలో నీటి ధారతో కడిగివేసినచో చాలును. మిగిలినచో లీటరు నీటిలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనెయు, కొద్దిగ సబ్బు నీరును కలిపి సాయంకాలము చల్లవలెను. అడుగు ఆకులపై నల్ల మచ్చలు పుట్టి పైకి ప్రాకుట ఆకుమచ్చ తెగులు. మచ్చ ఆకులను ఏరి కాల్చివేయుట, నీటిని ఆకులపై గాక మొదటిలో పోయుట, మొక్కల నడుమ గాలి ఆడునట్లు చూచుట దీనికి ప్రధాన చికిత్సలు. మట్టి తడిగ నుండగనే మొక్క యంతయు వడలినచో వేరు కుళ్ళినదని తెలియవలెను. దానిని మట్టితో సహా తీసివేయవలెను. ఆ మట్టిలో మరల చేమంతి పెట్టరాదు.

ఒక చిన్న హెచ్చరిక. చేమంతి ఆకు రసము కొందరి చర్మమునకు సరిపడదు. దద్దురు, దురద కలుగును. 1950 దశకము నడుమ మన దేశమున తొలిసారి కనబడి, నేడు ప్రతి బీడులోను ప్రబలిన వయ్యారిభామ కలుపు మొక్కయు ఈ కుటుంబములోనిదే. దానివలన చర్మ బాధ పడినవారికి చేమంతి కూడ పడకపోవచ్చును. అట్టివారు చేతులకు తొడుగులు వేసికొని పని చేయుట మంచిది. బాధ హెచ్చినచో వైద్యుని చూడవలెను.

నవంబరు చివరనుండి పూలు విచ్చును. దండకు కోయువారు పూర్తిగ విచ్చిన పూవును ఉదయపు మంచు ఆరిన తరువాత కోయవలెను. వాడిన పూలను మొక్కపై నుంచక ఎప్పటికప్పుడు తీసివేసినచో మిగిలిన మొగ్గలు బాగుగ విచ్చును. బరువునకు రెమ్మలు వ్రాలకుండ ప్రత్తి కట్టెలను ఊతగ నిలుపవచ్చును; ఈ సీమలో వానికి కొదువ లేదు.

చెప్పిన పనులన్నింటిలో ఖర్చైనది ఒక్కటియు లేదు. కొంచెము ఇసుక, కొంచెము ఎరువు, వేసవిలో నీడ, శరత్కాలమున చీకటి, ఇంతే. అయినను ఇవన్నియు తమ తమ వేళలకు జరుగవలెను. పూలతో నిండిన కుండీని ప్రేమించుట సులభము. పూలు లేక, కాడలు లేక, నాలుగు ఆకులతో నేలకు అంటుకొని యున్న చైత్ర వైశాఖముల చేమంతిని గుర్తుంచుకొని ఉదయము చెంబెడు నీరు పోయువారికే అది కార్తికములో బదులు చెప్పును. ఈ యేడు పూత ముగిసిన కుండీ మీ పెరటి మూలను పడి యున్నచో, నేడే పోయి మొదటి మట్టిని కొంచెము కదల్చి చూడుడు. పచ్చని మొలక ఒక్కటి కనబడినను చాలును; మరుసటి సంక్రాంతికి పూలు మీ యింటనే యున్నవి.